నేను ముంచిన ముళ్ల మొక్క

మా ఆవిడ పెంచిన కాక్టస్ నా ఛాతీ ఎత్తు ఉండేదని అందరికీ చెబుతుంటాను. నిజానికి జానెడు. దాని మొగ్గ కొబ్బరికాయంత... కాదు లెండి, రేగిపండంత.

ఆరేళ్లు ఎదురుచూశాక వేసిన మొదటి మొగ్గ. విచ్చితే ఆ పువ్వు ఒక్క పూటే ఉంటుందట. సరిగ్గా అప్పుడే తన తమ్ముడికి ఒంట్లో బాగోలేక ఆవిడ మైలవరం వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ కుండీ దగ్గర ఆగి, "ఏమండీ, మీరు దీనికేం చెయ్యొద్దు. ఊరికే చూస్తూ ఉండండి, చాలు" అంది.

ఊరికే చూడటం నావల్ల అయ్యే పనా? కృష్ణా కాలువ కింద నలభై ఏళ్లు వరి పండించినవాణ్ణి. మా వైపు పైరును ప్రేమించడమంటే కాళ్ల దగ్గర నీళ్లు నిలబెట్టడమే. మే నెల బెజవాడ ఎండలో, డాబా మీద ఆ మొక్కను చూసి ఊరుకోలేకపోయాను. కుండీ అడుగు కన్నంలో గుడ్డ కుక్కి, నారుమడికి పెట్టినట్టు పూటపూటా నిండా నీళ్లు పెట్టాను.

నాలుగో రోజు మొదలు నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

ఫోన్ చేసి, గాలివానకు డాబా చెరువైపోయిందన్నాను. రెండు ఉరుములు కూడా కలిపాను.

"మైలవరంలో చినుకు లేదు. మన డాబా మీదే కురిసిందా అండీ?"

గుడ్డతో సహా ఒప్పుకున్నాను. ఆవిడ కుళ్లినదంతా కోసేసి, మిగిలింది నీడలో కాగితం మీద పడుకోబెట్టమంది. "చెంబు పట్టుకుని దాని దగ్గరికి వెళ్లారో, చూడండి."

కోశాను. వేళ్లన్నీ పోయాయి. మిగిలింది దోసకాయ ముక్కంత, కొసన మొగ్గ. అప్పుడు చూశాను కళ్లు పెట్టి. లోపలంతా తడి! పైన మైనం పూసినట్టు తోలు. ఎప్పుడో గానీ వాన పడని నేల దాని పుట్టిల్లు. ఆకులుంటే ఆ దారిన నీళ్లు ఆరిపోతాయని ఆకుల్ని ముళ్లు చేసుకుంది, ఒంటినే కుండ చేసుకుంది. మా వరికేమో నీళ్లలో మునిగిన వేళ్లకు గాలి అందించే గొట్టాలు కాడలోనే ఉంటాయి. ఎక్కడి వానను బట్టి అక్కడి ఒళ్లు! నలభై ఏళ్లు గట్టు మీద కూర్చుని వరి కాడ నమిలాను గానీ, అది బోలుగా ఎందుకుందో ఒక్కసారీ అడగలేదు.

కోసిన మూడో రోజు పొద్దున, మట్టి లేకుండా, వేరు లేకుండా, చుక్క నీరు తాగకుండా, ఆ కాగితం మీదే మొగ్గ విచ్చింది. భోజనం పళ్లెమంత అందామనుంది. సాసరంత.

ఫోన్ చేస్తే ఆవిడ, "మొన్నటి గాలివానలాంటి పువ్వేనా?" అంది. వీడియోలో చూపించాను. తమ్ముడు కోలుకున్నాడు గనక దొరికిన బస్సెక్కి వచ్చేసింది. భుజాన సంచీ అయినా దింపకుండా దాని ముందు చతికిలబడింది. రేకులు ముడుచుకునేదాకా ఇద్దరం అన్నం మాట ఎత్తలేదు.