తడి చెయ్యి తగలని సీసా

పోయిన నెలలో ఒకనాడు నారాయణగూడ చౌరస్తాలో నిమ్మసోడా తాగుదామని బండి దగ్గర ఆగాను. బండివాడు కాయ పిండడం, తొక్కను బకెట్లోకి విసరడం, చూస్తుండగానే బకెట్ నిండిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. మా అమ్మే ఉంటే సోడా మాట మరిచిపోయి ఆ బకెట్లో తొక్కలు ఇమ్మని అడిగి ఉండేది. అంత ధైర్యం లేక నేను డజను నిమ్మకాయలు కొనుక్కుని అశోక్‌నగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చేశాను.

ఇంట్లో మా అక్క ఉంది. బావ పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, మాటా రెండూ ఒక్కసారే పడిపోయాయి. ఒక అమ్మాయి రోజూ వచ్చి వేళ్ళు వంచి, చాపి వెళుతుంది, డాక్టరేమో మేం వెళ్ళినప్పుడల్లా చూద్దామంటాడు. ఆ చూద్దాం వినడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. పడిపోయిన చెయ్యి అమ్మ చేసే నిమ్మతొక్కల నూనెతో లేవదని నాకూ తెలుసు, కానీ ఊరికే కూర్చుని చూడడం నా వల్ల కాలేదు.

చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉన్న రోజుల్లో, నిమ్మతొక్క పారేయడం మా అమ్మ దృష్టిలో మహాపాపం. తొక్కలను గలగలలాడేదాకా నీడన ఆరబెట్టి, గాజు సీసాలో నింపి, గోరువెచ్చని నువ్వులనూనె పోసి, మూతికి పాత చీరగుడ్డ కట్టి పదిహేను రోజులు మిద్దె మీద ఎండలో పెట్టేది. ఆ నూనె అమ్మ మోకాళ్ళకు, మెడ పట్టేస్తే మెడకు, జలుబు చేస్తే అరికాళ్ళకు, లెక్కల పరీక్ష ముందు మా నెత్తికి. మార్కులు రాకపోతే తప్పు మాదే గానీ నూనెది కాదు.

దానికి ఒకటే నియమం, తడి చెయ్యి తగలకూడదు. ఆ సీసాకు కాపలా మా అక్క. నాకంటే నాలుగేళ్ళే పెద్దది, పెత్తనం మాత్రం నలభై ఏళ్ళది. “చెయ్యి తుడుసుకున్నవానే? తడి చెయ్యి పెడితే బూజు వడ్తది” అంటూ నా చెయ్యి లాక్కుని, తన లంగాకు అటూ ఇటూ తుడిచి గానీ వదిలేది కాదు.

ఒక చలికాలం, అక్క బడికి పోయినప్పుడు, జడ నిగనిగలాడాలన్న ఆశతో గిన్నెలు కడుగుతున్న చేతినే సీసాలో ముంచాను. నాలుగు రోజులకు నూనె మీద తెల్లగా బూజు తేలింది. మళ్ళీ కొత్త నూనె తయారయ్యేదాకా అమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఎవరి పని అని అడిగితే అక్క “నేనే మర్శిపోయి పెట్టిన” అని చెప్పి నాలుగు మొట్టికాయలు తింది. నేను నోరు మెదపలేదు. అంతటి పిరికిదాన్ని.

ఇప్పుడు మిద్దెకు తాళం, బాల్కనీకి గంటసేపే ఎండ. అందులోనే సీసా పెడితే, వాచ్‌మన్ భార్య, పాలమూరు మనిషి, “నిమ్మకాయ తొక్కు పెట్టినవా అమ్మా? జర నాకు గూడ ఇయ్యి” అని అడిగింది. ఇది పచ్చడి తొక్కు కాదు, ఉత్త తొక్కలే అంటే నమ్మలేదు.

ఇవాళ నూనె వడకట్టి అక్క కుడి చేతికి రాశాను. మోచేతి నుంచి గోళ్ళదాకా ఎంత రాసినా ఒక్క వేలు కదల్లేదు. ఎందుకో ఆ పాత సంగతి నోట్లోంచి వచ్చేసింది. “అక్కా, ఆనాడు తడి చెయ్యి పెట్టింది నేనే” అన్నాను. నాకు కావలసింది ఒక తిట్టు, తిట్టడానికి అక్కకు మాట లేదు. ఏడుపు ఆగక అరచేత్తో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నూనె కోసం సీసా వైపు చెయ్యి చాపాను.

అక్క ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నా చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, కొంగుతో అటూ ఇటూ తుడిచి, వదిలేసింది.

అమ్మ సీసా దింపిందంటేనే మాకు సగం నొప్పి తగ్గిపోయేది. ఈనాటి సీసాకు ఆ శక్తి లేదు, లేదా నాలో ఆ నమ్మకం లేదు. కుడి చెయ్యి అలాగే ఉంది. అయినా రేపు మళ్ళీ రాస్తాను. చెయ్యి మాత్రం నేను తుడుచుకోను, కడుక్కుని తడితోనే అక్క ముందు కూర్చుంటాను.