ఇంజిన్ కింద పరిచిన పేపరు

ముందుగా మన్నించండి. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. పోయిన నెల మా మామ, అంటే మా ఆయన నాన్న, చనిపోయారు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే తల వాల్చేశారు. పాత మిలిటరీ బండ్లు ఉన్న మీకందరికీ ఆయన తెలుసు. మీ సంఘం పెద్దాయన వచ్చి, "ఆయన గురించి నువ్వే రాయమ్మా, అందరం చదువుకుంటాం" అన్నారు. నలుగురి ముందు మాట్లాడమంటే నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

మామ మిలిటరీలో డ్రైవరు. రిటైరై హూడికి వచ్చాక వేలంలో ఒక జీపు కొన్నారు. అది నడిచి రాలేదు, లారీ ఎక్కి వచ్చింది. "ఏమప్పా, పాతినుప సామాన్ల గుజరి అంగడి పెడ్తావా?" అని ఎదురింటాయన ఎగతాళి చేశాడట. "ఇది నాతోపాటే రిటైర్ అయినాది. పెన్షన్ మాత్రం నాకొక్కడికే ఇచ్చినారు. దీన్ని నేను సాకొద్దా?" అన్నారట మామ. మా అత్త ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

జీపును బాగుచేసుకున్నాక, రోజూ పొద్దున ఆయన చేసే పనికి ఫస్ట్ పరేడ్ అని పేరు. మిలిటరీలో బండి కదలకముందు డ్రైవరు చేసే తనిఖీ అది. ఆయిలు, నీళ్ళు, బెల్టు, టైర్లు అన్నీ చూసేవారు. బండి నిలిపాక ఇంజిన్ కింద పాత పేపరు పరిచేవారు. పొద్దున మోకాళ్ళ మీద వంగి, ఆయిలు చుక్క పడిందా, పడితే ఎక్కడ పడింది అని చూసేవారు. "ఇది నోరు తెరిచి నొప్పి జెప్పలేదు మ్మా. మనమే అడగాల" అనేవారు. నన్నూ అలాగే చూసుకున్నారు. కంచంలో అన్నం మిగిలితే, "ఊరు గుర్తొచ్చిందా?" అని అడిగేది ఆయనే.

పెళ్ళయిన ఏడాది ఆయుధపూజకు, జీపు మరీ వెలిసిపోయినట్టుందని, నేను కొబ్బరినూనె పట్టించి తళతళా రుద్దాను. నిమ్మకాయలతో వచ్చిన మామ దాన్ని చూసి అక్కడే ఆగిపోయారు.

"బలే మెరిపించినావు మ్మా! ఇంగ శత్రువుకి మన అడ్రెస్ జెప్పే పనే లేదు."

"ఈడ శత్రువు ఎవురుండారు? ఎదురింటాయనా?" అంది అత్త.

మిలిటరీ బండి మెరవకూడదని, మెరిస్తే ఎండకు దూరం నుంచే కనబడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరం సబ్బునీళ్ళతో కడుగుతూ కూర్చున్నాం. పూజ మధ్యాహ్నానికి జరిగింది. మరుసటి రోజు ఫస్ట్ పరేడ్‌కు నన్నూ పిలిచారు. ఆ తర్వాత వెనక ఖాళీ సైటులో నడపడం నేర్పించారు. గేరు తగ్గించేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కాలి. నేను మరిచిపోతే గేరు గర్రుమనేది. పక్కింటివాళ్ళు తొంగి చూస్తే స్టీరింగ్ వదిలేసేదాన్ని. "బండికి భయపడు, తప్పులేదు. జనానికి భయపడి స్టీరింగ్ వదలొద్దు" అనేవారు.

జీపు గురించి ఆయన కోరిక ఒక్కటే. "దీన్ని బొమ్మ మాదిరి యాడా నిలబెట్టొద్దండి. తిరగనీండి."

కర్మ అయిన వారానికే బెళ్ళందూరు నుంచి ఒకాయన వచ్చాడు. తన హోటల్ గేటు ముందు జీపును పెట్టి, చుట్టూ సీరియల్ లైట్లు వేస్తాడట. మా ఆయన క్యాబ్ నడుపుతారు, ఇంట్లో ఉండేదే తక్కువ. "నడిపేవాళ్ళు లేకుంటే తుప్పు పడతాదిమా. ఇచ్చేద్దాం" అని అత్తతో అన్నారు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి.

వంటింటి గడప దగ్గర నుంచి, "నేను నడుపుతా" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది.

హోటలాయన నవ్వాడు. "మేడం, ఇది స్కూటీ కాదు."

అత్త అతనివైపు కూడా చూడలేదు. "తాళం దానికియ్యిరా" అంది కొడుకుతో.

ముందు ఫస్ట్ పరేడ్ చేశాను, ఏదీ వదలకుండా. తర్వాత చోక్ లాగి స్టార్ట్ చేశాను. అత్త పక్కన ఎక్కి కూర్చుంది. కుందలహళ్ళి దాకా వెళ్ళి వచ్చాం. సిగ్నల్ దగ్గర అందరూ మావైపే చూశారు. క్లచ్ రెండుసార్లు తొక్కాను. గేరు చప్పుడు లేకుండా పడింది. "విన్న్యావా?" అంది అత్త. నాతో అన్నదో, మామతో అన్నదో తెలియదు. తిరిగి వచ్చేసరికి హోటలాయన వెళ్ళిపోయాడు. మా ఆయన గేటు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇప్పుడు పేపరు నేనే పరుస్తున్నాను. ఈసారి మీ సంఘం బండ్లన్నీ ఊరేగింపుగా బయల్దేరేటప్పుడు మాదీ వస్తుంది. మాట్లాడమని మాత్రం నన్ను అడగకండి.

చదివాక ఈ కాగితాన్ని కాల్చేయండి, నా చేతిరాత ఇంకెవరూ చూడొద్దు. కాల్చడానికి మనసు రాకపోతే, మీ బండి ఇంజిన్ కింద పరవండి. పొద్దున మోకాళ్ళ మీద వంగి, ఏ అక్షరం మీద చుక్క పడిందో చూడండి.