వెబ్‌సైట్‌లో తాలుకాయ

ఇంటర్నెట్ సెంటర్‌లో గంటసేపు కూర్చుని వస్తే మనిషిని కాస్త గౌరవంగా చూసే రోజులవి. ఆ రోజుల్లో గుంటూరులో వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న ఆఫీసులో నేను బొమ్మలు వేసేవాణ్ణి. (ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక టేబుల్ ఫ్యాను. అదీ ఓనరు గారి వైపే తిరిగేది.) పర్చూరులో మా నాన్నేమో పొగాకు పనికి మనిషి చాలడం లేదు, వచ్చెయ్యరా అని కబురు మీద కబురు. "ఈ మిర్చి సైటు ఓకే అయితే నీ ఉద్యోగం ఖాయం. లేదంటే నువ్వూ, మీ నాన్నా, ఆ పొగాకూ" అని ఓనరు గారు తేల్చి చెప్పేశారు.

సైటు మిర్చి ఎగుమతి చేసే ఒక పెద్దాయనది. ఏ కాయనైనా తొడిమ పట్టుకుని తిప్పి చూడందే మాట్లాడరు కాబట్టి ఆయన్ని తొడిమ గారు అనేవాళ్లం (వెనకాల). ఫొటో పెడితే పేజీ తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. అందుకని కాయని వెక్టర్‌లో, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని గీతల బొమ్మగా వేశాను. లోపల రేడియల్ గ్రేడియంట్ నింపాను. నడుమ తెలుపు, అక్కణ్ణుంచి గుండ్రంగా పాకుతూ అంచుకొచ్చేసరికి ఎరుపు. నేను నేర్చుకున్న పాఠంలో యాపిల్ పండుకి అలాగే వేశారు మరి! కాయ నిగనిగలాడింది. నా అంతవాడు లేడనుకున్నాను.

తొడిమ గారు వచ్చి, తెరకి ముక్కు ఆనించినంత పని చేశారు.

"ఏమయ్యా, నేను తాలు అమ్ముతానని నీకెవరు చెప్పారు?"

(తాలంటే రంగు పోయి తెల్లమచ్చ పడ్డ కాయ. ఎగుమతి చేసేవాళ్లకి ఆ మాట తిట్టుతో సమానం.)

"తాలు కాదండీ, వెలుగండీ. కాయ మీద లైటు పడినట్టు..."

"లైటు పడితే కాయకి మచ్చొస్తదా? ఇది చూస్తే నా సరుకంతా తాలేననుకోరూ? ముప్పై ఏళ్ల పేరయ్యా నాది!"

ఓనరు గారు ఫ్యాను ఆపేసి నావైపు చూశారు. నాకు పొగాకు ఘాటు ముక్కుకి తగిలినట్టే అయింది.

తొడిమ గారు చొక్కా జేబులోంచి ఒక ఎండుకాయ తీసి కిటికీ దగ్గర పట్టుకున్నారు. "ఇటు రా. వెలుగెక్కడుందో చూడు."

చూశాను. నిజంగా సిగ్గేసింది. మా ఊరి మిర్చి కళ్లాల్లో కాయలు తొక్కుతూ పెరిగినవాణ్ణి, ఎండుమిరపకాయని ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు. వెలుగు నడుమ లేదు. తొడిమ కింద, కాయ భుజం మీద, సన్నగా ఉంది. అదీ తెలుపు కాదు, ఇంకాస్త మండే ఎరుపు. అక్కడికక్కడే కూర్చుని గ్రేడియంట్ నడిబొడ్డుని తొడిమ దగ్గరికి జరిపి, తెలుపు తీసేసి ఆ ఎరుపు పెట్టాను. అంచుకి ముదురు రంగు దించాను.

ఆయన అలవాటు కొద్దీ చెయ్యి చాపి, తెర మీది తొడిమని రెండు వేళ్లతో పట్టుకోబోయారు. నా ఉద్యోగం ఖాయమైందని అప్పుడే తెలిసిపోయింది.

ఇప్పుడు నాకు కళ్లజోడొచ్చింది. ఆఫీసులో ఎవరైనా బొమ్మ నడిమధ్యలో తెల్లటి మెరుపు పెడితే "తాలు" అంటాను, వాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. ఆ రోజు ఆ ఎండుకాయ నన్నే ఉంచుకోమని ఇచ్చి వెళ్లారు తొడిమ గారు. దాచుకోవాలని తోచే వయసా అది! సాయంత్రం రూముకెళ్లి చారు తాలింపులో వేసేశాను.