వాళ్ళూ ముద్ర వేశారా?

మా లంక బడి మాస్టారు పోయారని మొన్న బుధవారం పొద్దున దోనె మీద వచ్చిన మనిషి చెప్పాడు. తాడేపల్లిగూడెంలో చెల్లెలి ఇంట్లో, నాలుగు రోజుల జ్వరంతోనట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వానలో గొడుగు లేకుండా తిరగవద్దని పదకొండేళ్ళు చెప్పాను. విన్నారా?

ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఆయన జ్ఞాపకంగా ఏలూరులో చిన్న పుస్తకం వేస్తున్నారట. నన్నూ నాలుగు ముక్కలు రాయమన్నారు. ఆయన నేర్పిన అక్షరాలు తప్ప నాకు వేరే చదువు లేదు. తప్పులుంటే ఆయన్నే అనుకోండి.

మా వీధి అరుగే బడి, పక్క గది ఆయన బస. వంట ఆయనదే. వంటంటే పొయ్యి మీద ఎసరు పెట్టి, పిల్లలకు కొసాక్కుల కథ మొదలుపెట్టడం. మాడిన వాసన మా వంటింట్లోకి వచ్చేది గాని పొయ్యి పక్కనే ఉన్న మనిషికి తెలిసేది కాదు.

“మాస్టారూ, అన్నం మాడుతోందండీ.”

“ఒక్క నిమిషం అక్కయ్యగారూ, జారు దూతలు వచ్చేశారు.”

ఆ దూతలు రాని వారం లేదు. ఆ కథ మీకూ చెప్పాలి, తప్పదు. రష్యా పక్కన ఒక పెద్ద నది, నదిలో లంకలు, ఆ లంకల్లో కొసాక్కులనే జనం. గుర్రాలవాళ్ళే గాని పడవలూ నడిపేవారు. మునగకుండా పడవ పక్కలకు రెల్లుకట్టలు కట్టుకునేవారట. ఎవరి మాటా వినేవారు కాదు. పోలండు రాజుతో యుద్ధం వచ్చి, ఒంటరిగా నిలవలేక, రష్యా జారు చక్రవర్తి అండ కోరారు. ఆయన దూతలను పంపాడు. “మీ చక్రవర్తికి లోబడి ఉంటామని మేం ప్రమాణం చేస్తాం. మా హక్కులు కాపాడతామని ఆయన తరఫున మీరూ చేయండి” అన్నాడు చర్చిలో కొసాక్కుల నాయకుడు. చక్రవర్తి తన ప్రజలకు ప్రమాణం చేయడం తమ దేశంలో లేదన్నారు దూతలు. నాయకుడు బయటికి వచ్చేశాడు. తనవాళ్ళతో మాట్లాడుకున్నాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి తన ప్రమాణం తాను చేసేశాడు. ఆ తర్వాత ఒక్కొక్క హక్కే పోతూ వచ్చి, నూరేళ్ళు దాటాక ఒక రష్యా రాణిగారు ఆ లంకల్లోని మకామే నేలమట్టం చేయించిందట.

ఇక్కడికి రాగానే మాస్టారు బెత్తంతో స్తంభం మీద కొట్టేవారు. “బయటికి వచ్చినవాడు మళ్ళీ లోపలికి ఎందుకు వెళ్ళాడర్రా?”

ఎక్కడి గొడవ అది? ఇక్కడ మా వలలు కోసేస్తున్నారని నేను ఛస్తుంటే.

ఆ తర్వాత ఎవరి చేతిలో కాగితం కనబడినా అదే ప్రశ్న. “మీరు వేలిముద్ర వేశారు సరే. వాళ్ళూ ముద్ర వేశారా?” కలిదిండి నుంచి చేపలు కొనడానికి వచ్చే షావుకారు, అరుగు మీద మాస్టారు కనబడితే దోనె దిగేవాడు కాదు.

అవతలి గట్టువాళ్ళు మా వలలు కోసేస్తున్న ఏడాది జమీందారు ఎస్టేటు గుమాస్తా వచ్చాడు. ఎస్టేటుకు లోబడి ఉంటామని ముద్రలు వేస్తే మేం చేపలు పట్టుకునే నీళ్ళకు వాళ్ళ అండ ఉంటుందన్నాడు. మావారు ఊరి పెద్ద. ఆయన వేస్తే అందరూ వేస్తారు. మాస్టారు నేర్పినట్టే, “మరి మీ వైపు ముద్ర?” అని అడిగారు. మీలాంటివాళ్ళ కాగితం మీద ఎస్టేటు ముద్ర పడదన్నాడు గుమాస్తా. మావారు చావిడిలోంచి లేచి ఇంటికి వచ్చేశారు.

“ఏవండీ, రేపు దోనెలు తగలబెడితే అడ్డం ఎవరొస్తారండీ? మాస్టారొస్తారా బెత్తం పట్టుకుని?” అన్నాను. గోడ అవతల మాస్టారు వింటూనే ఉన్నారు. మావారు కండువా దులుపుకుని మళ్ళీ వెళ్ళి, ముద్ర వేసి వచ్చారు.

రెండేళ్ళు వలలు బాగానే ఉన్నాయి. మూడో ఏడు ఎస్టేటువారు మా తూర్పు నీళ్ళు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. కాగితం తీసి చూస్తే అందులో మేం చేయవలసినవే ఉన్నాయి. మాకు మిగిలింది వాకిలి ముందు నీళ్ళు.

నేను చెప్పలేదా అని మాస్టారు ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే పోట్లాడి ఊరుకునేదాన్ని. అదీ లేకుండా చేశారు. మా నీళ్ళ కోసం అర్జీలు రాసి, వానలో తడుస్తూ ఏలూరు తిరిగారు. ఒక రోజు కథ మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

“ఇంట్లో నాలాంటిది ఒకత్తె ఉండి ఉంటుందండీ. అందుకే వెళ్ళాడు” అన్నాను వంటింట్లోంచి.

ఆయన బెత్తం కింద పెట్టి అన్నారు: “ఆవిడ భయపడడం తప్పు కాదు అక్కయ్యగారూ. కాగితంలో ఏముందో ఆవిడకు ఎవరూ చదివి చెప్పలేదు. అది తప్పు.”

మర్నాడు పలక తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ వయసులో, మనవల పక్కన కూర్చోబెట్టి దిద్దించారు. సున్న గుండ్రంగా రాలేదని గద్దించారు కూడా.

నిన్న గుమాస్తా మళ్ళీ వచ్చాడు. మిగిలిన ఆ వాకిలి నీళ్ళకు కొత్త కాగితం. బడి అరుగు మీదే కూర్చుని సిరా పెట్టె మూత తీశాడు.

“ముందు మీరు వేయండి” అన్నారు మావారు.

“మాస్టారు పోయినా ఆయన అంటించిన రోగం పోలేదన్నమాట” అని నవ్వాడతను.

మావారు నా వైపు చూశారు. వేసేయండి అన్న మాట నా నోటిదాకా వచ్చింది. “కాగితం ఇటివ్వండి, ఒకసారి చదువుతాను” అన్నాను. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. చాలాసేపు పట్టింది. గుమాస్తా రెండుసార్లు ఆవులించాడు.

“ఇందులో మీరు చేస్తామన్నది ఏదండీ?”

అతను కాగితం లాక్కుని దోనె ఎక్కాడు. మళ్ళీ ఎవరిని వెంటబెట్టుకుని వస్తాడో, ఏం చేస్తాడో. నేను చేసింది మంచో చెడో అడగడానికి ఆ మనిషి లేడు. సరిగ్గా ఇప్పుడే పోవాలా?

గుమాస్తా తన సిరా పెట్టె మరిచిపోయాడు. మూత లేదు, కోళ్ళు తొక్కేస్తాయి. గదిలోంచి మాస్టారి మాడు గిన్నె తెచ్చి దాని మీద బోర్లించాను. పొద్దున్నుంచీ దోనెలు వచ్చే కాలువ వైపోసారి, గిన్నె వైపోసారి చూస్తున్నాను. ఎంత తోమినా ఆ మాడు వదలదు.