మసకబారిన ముందు అద్దం

పొద్దున అట్టపెట్టె మూత తీసేసరికి పాత అమెరికా మజిల్ కారు ముందు అద్దం తెల్లగా మసకబారి ఉంది. అరచేతిలో పట్టే ఆ నమూనా కారును తార్నాకలో మా పక్కింటాయన తమ్ముడు సగం చేసి చనిపోయాడు. పూర్తి చేయమని పక్కింటాయన దాన్ని నాకిచ్చాడు. రాత్రి బానెట్ అంటించి, దుమ్ము పడుతుందని వెంటనే మూత పెట్టాను. ఇన్‌స్టంట్ జిగురు ఆవిరి అద్దానికి పట్టేసింది.

ఆ కారుకు త్రీడీ ప్రింటర్‌లో చక్రాలు ప్రింట్ చేసిచ్చిన పరిశోధక విద్యార్థి కోసం యూనివర్సిటీ ల్యాబ్‌కు పరుగెత్తాను.

"అద్దం ప్రింట్ కొడితే గిట్లనే మబ్బుగ వస్తది సార్. స్వీట్ డబ్బా ప్లాస్టిక్ మూత కోసి, వేడిచేసి వంచుండ్రి. స్వీట్లు నాకియ్యుండ్రి," అన్నాడు.

మూతలు కోస్తూనే ఉన్నాను. వంపు కుదిరినదానికి గీతలు పడుతున్నాయి. సాయంత్రం చూడటానికి వస్తానని పక్కింటాయన ఫోన్ చేశాడు. అద్దం సంగతి ఆయనకింకా చెప్పలేదు.