పత్తి తొక్కిన రోజు

మా మామగారు పోయాక ఎనిమిది నెలల పాటు మా అత్తగారు ఇంటి గడప దాటలేదు. దాటనివ్వలేదు అనడం న్యాయం. మా వాళ్లలో భర్త పోయిన ఆడమనిషి సంవత్సరీకం అయ్యేదాకా వెనక గదిలోనే ఉండాలి. వీధిలోకి రాకూడదు, నలుగురిలో నవ్వకూడదు, మరీ ముఖ్యంగా పొద్దున పూట ఎవరికీ ఎదురు పడకూడదు. ఇదంతా ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను కారంపూడి దగ్గర బడిలో సైన్సు చెప్పేదాన్ని. కారణం తెలియకుండా ఏదీ నమ్మొద్దని పగలంతా పిల్లలకు చెప్పి, సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి నోరు మూసుకునేదాన్ని. ఇది ఎనభైల నడుమ సంగతి.

ఆచారం సంగతి అలా ఉంచితే, నా భయం వేరు. ఆవిడ తిండి మానేస్తోంది. మొదట్లో దుఃఖం కదా అనుకున్నాం. ఆరో నెలకు ముంజేతుల మీద ఎముకలు తేలాయి. ఆ ఒక్కసారి మాత్రం గడప దాటించి, కారు మాట్లాడుకుని, ఎవరూ లేవకముందే బయల్దేరి నరసరావుపేట డాక్టరుకు చూపించాం. ఆయన అన్ని పరీక్షలూ చేసి, ఒంట్లో జబ్బేమీ లేదు, తినిపించండి అన్నాడు. ఆ మాట చెప్పడం తేలికే. నేను నాలుగు ముద్దలు కలిపి పెడితే రెండు తిని, "చాల్లేవే" అనేది. ఆ ఎనిమిది నెలల్లో ఆవిడ నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే. ఈ మనిషి మా కళ్లముందే ఇలా అయిపోతుందా అని కంచం తీసిన ప్రతిసారీ అనుకునేదాన్ని.

అత్తాకోడళ్ల మధ్య ఇంత ప్రేమేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, కోడలు రోజూ బస్సెక్కి వెళ్లడమేమిటని మా పెదమామగారు అడ్డం పడ్డాడు. ఆయన మా మామగారి అన్న. ఎదురింట్లోనే ఉంటాడు. ఊళ్లో ఎవరింట్లో తగువొచ్చినా ఆయన అరుగు మీదికే వెళ్లాలి. మా అత్తగారు ఆ బావగారి ముందుకు ఏనాడూ వచ్చి ఎరుగదు. కొంగు నెత్తిన కప్పుకుని తలుపు చాటున నిలబడేది, ఏం చెప్పాలన్నా మామగారి చేత చెప్పించేది. ఆయన మాత్రం, పద్నాలుగేళ్ల పిల్లగా ఆ ఇంటికొచ్చిన ఆవిడను అప్పటినుంచీ "అమ్మాయ్" అనే పిలిచేవాడు. నా ఉద్యోగం మీద గొడవైన రోజున ఆ తలుపు చాటునుంచే మా అత్తగారు, "పిల్లల్ని నేను సాకుతా. దాన్ని పోనీమనండి" అని మామగారికి చెప్పింది. చెప్పడం మామగారికే అయినా గొంతు మాత్రం వీధి అవతలికి వినపడింది. నా పిల్లలిద్దరూ ఆవిడ చంకలోనే పెరిగారు. అందుకే ఆవిడ కంచంలో వదిలేసిన ఆ రెండు ముద్దలూ నాకు గొంతుకు అడ్డం పడేవి.

తమ్ముడు పోయిన తర్వాత పెదమామగారు ఆ తలుపు వైపు చూసి మాట్లాడటం కూడా మానేశాడు. "అమ్మాయ్" అనే పిలుపు మా ఇంట్లో వినపడకుండా పోయింది.

ఆ ఏడు పత్తి బాగా పండింది. ముందు గది నేల నుంచి కప్పు దాకా పత్తే. వ్యాపారి ఖాళీ బోరేలు పంపించి, ఫలానా రోజు సాయంత్రం లారీ వస్తుందని కబురు పెట్టాడు. బోరెం అంటే మనిషి కంటే పొడుగున్న గోనె సంచి. దాని నోరు తెరిచి వసారా దూలానికి తాళ్లతో వేలాడదీస్తారు. ఒక మనిషి నిచ్చెనెక్కి అందులోకి దిగుతాడు. పైనుంచి గంపలతో పత్తి పోస్తుంటే లోపల తిరుగుతూ తొక్కుతాడు. మొదట్లో మనిషి అసలు కనపడడు. పత్తి గట్టిపడే కొద్దీ కాళ్ల కింద ఎత్తు పెరిగి పైకి వస్తాడు. ముందు తల, తర్వాత భుజాలు, తర్వాత నడుము. మోకాళ్లు కనపడ్డాయంటే బోరెం నిండినట్టే. అప్పుడతను దిగిపోతే దబ్బనంతో మూతి కుట్టేస్తారు.

లారీ వచ్చే రోజు పొద్దున తొక్కేవాళ్లు రాలేదు. ఇద్దరికీ జ్వరమట. మా ఆయన దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్లాడు. పిల్లలు సెలవులకని మా అమ్మగారి ఊళ్లో ఉన్నారు. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. పత్తి పోయడానికి వచ్చిన పక్కింటి పిన్ని ఒక్కతే వసారాలో నిలబడి ఉంది. ఆవిడది దూదేకుల ఇల్లు, పరుపులు కుడుతుంది. పత్తి అంటే ఆవిడకు చేతిలో పని. కానీ మోకాళ్ల నొప్పులు, నిచ్చెన ఎక్కలేదు.

"నేను తొక్కుతా" అన్నాను.

"నువ్వా పంతులమ్మా?" అని పిన్ని నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నాకు చర్రున కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. చీర ఎగదోపి నిచ్చెనెక్కి లోపలికి దిగాను. ఒత్తిడి అంటే ఏమిటో ఏటా మూడు సెక్షన్లకు పాఠం చెప్పేదాన్ని, బరువుకా లోటు లేదు, ఇక కావాల్సిందేముంది అనుకున్నాను. పిన్ని రెండు గంపలు పోసింది. నేను గెంతాను. తొడల దాకా దిగబడ్డాను. ఒక కాలు లాగితే రెండోది దిగబడింది. ముక్కులోకి దూది పోయి వరసగా ఏడెనిమిది తుమ్ములు వచ్చాయి. పిన్ని బయట నవ్వాపుకోలేక అవస్థ పడుతోంది. లోపల నాకు ఏడుపు వస్తోంది.

అప్పుడు వెనక గది తలుపు దగ్గర్నుంచి మాట వినిపించింది.

"అట్టా గెంతితే పత్తి ఏడ అణుగుద్దే? మడమలతో తొక్కాల. చుట్టూతా తిరగాల."

నేను తుమ్మడం కూడా మర్చిపోయాను. "చాల్లేవే" కాకుండా ఆవిడ నోటినుంచి వేరే మాట విని ఎన్నాళ్లయిందో.

"నాకు రావట్లేదత్తయ్యా" అన్నాను. కావాలనే కొంచెం ఏడుపు గొంతుతో అన్నాను.

తర్వాత అడుగుల చప్పుడు వసారా దాకా వచ్చింది. "దిగు" అంది. నేను ఎలాగో పైకి పాకి, బయటపడి కిందికి దిగాను. ఆవిడ వీధి తలుపు వైపు చూసింది. పిన్నికి సంగతి అర్థమైంది. వెళ్లి తలుపు దగ్గరగా వేసి, "ఎవురూ లేరక్కా. అయినా బోరెంలో దిగితే దేవుడికి కూడా కనపడవు" అంది. మా అత్తగారు తెల్లచీర కుచ్చెళ్లు బిగించి నిచ్చెన ఎక్కింది. ఆ ఎముకల చేతులు ఎక్కడ పట్టు జారతాయోనని నేను కింద రెండు చేతులూ చాచి నిలబడ్డాను. ఆవిడ నన్ను చూడనైనా చూడకుండా లోపలికి జారింది.

మేం పత్తి పోస్తున్నాం. లోపల్నుంచి ధబ్ ధబ్ మని ఒకే తీరున చప్పుడు. బోరెం గోడలకు మడమల గుర్తులు లోపల్నుంచి పొడుచుకొచ్చి మాయమవుతున్నాయి. కాసేపటికి ఆ చప్పుడు మారింది. మధ్యలో ఒక ఎగిరిన దెబ్బ, తర్వాత ఇంకోటి. తర్వాత గొంతు ఏదో వినపడింది. ఏడుస్తోందనుకుని గబగబా నిచ్చెనెక్కి తొంగి చూశాను.

నవ్వుతోంది. పైట నడుముకు చుట్టుకుని, జుట్టు ఊడిపోయి, రెండు కాళ్లూ ఒక్కసారే ఎగరేసి దుముకుతోంది. నన్ను చూసి ఆగలేదు.

"మా నాయన ఇంటో నేనూ మా అక్కా పందెం ఏసుకునేవాళ్లం" అంది రొప్పుతూ. "ఎవురి తల ముందు బయటికొస్తే వాళ్లు గెలిచినట్టు. ఎప్పుడూ నేనే. ఇంకో గంప పొయ్యవే, ఏంది చూస్తన్నావ్."

ఈ ఇంటికి వచ్చాక తొక్కనివ్వలేదట. కోడళ్లు బోరెం ఎక్కకూడదట. నలభై ఏళ్లుగా ఏటేటా మగవాళ్లు తొక్కుతుంటే తలుపు చాటునుంచి చూసేదట. మీకు తొక్కాలని ఉందని ఎన్నడూ చెప్పలేదేం అని అడిగాను. "ఏమని చెప్పను? గెంతాలని ఉందని చెప్పనా?" అంది. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆవిడకేం కావాలో నేనూ ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

ఆ సంబరంలో మా ముగ్గురికీ ఒక సంగతి తట్టలేదు. బోరెం నిండే కొద్దీ మనిషి పైకి వస్తుంది. ముందు నెరిసిన తల కనపడింది, జుట్టు నిండా దూది. తర్వాత ముఖం, భుజాలు, నడుము, ఆఖరికి మోకాళ్ల పై దాకా. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని పెదమామగారు లోపలికి వచ్చాడు. లారీ సంగతి కనుక్కుందామని వచ్చాడట.

పిన్ని చేతిలో గంప అలాగే ఉండిపోయింది. మా అత్తగారికి దాక్కోవడానికి చోటు లేదు. కాళ్ల కింద తనే తొక్కిన పత్తి రాయిలా బిగిసి ఉంది. కూర్చున్నా ముఖం కనపడుతుంది. కొంగు కప్పుకుందామంటే అది నడుముకు బిగించి చుట్టి ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో బావగారికి ఎదురుగా ముఖం చూపించడం అదే మొదటిసారి. ఆ ముఖం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోతున్న నవ్వును నేను చూశాను. అది గనక ఇప్పుడు పోతే మళ్లీ రాదని నాకు తెలుసు. ఆయన ఒక్క మాట తప్పుగా అంటే ఎదిరించడానికే సిద్ధపడ్డాను. ఉద్యోగం కోసం ఆవిడ నా తరఫున మాట్లాడింది. ఇప్పుడు నా వంతు.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర గోడకు ఆనించి బోరెం దగ్గరికి వచ్చాడు. తల పైకెత్తలేదు. అరచేత్తో బోరెం చుట్టూ తడుతూ, అక్కడక్కడా వేలితో పొడిచి చూస్తూ ఒక చుట్టు తిరిగాడు. ఒకచోట ఆగాడు.

"ఈ పక్క మెత్తగా ఉందమ్మాయ్" అన్నాడు. "ఇంకాస్త తొక్కాల."

మా అత్తగారు మెల్లగా అటువైపు జరిగి, మడమతో ఒక్కటి తొక్కింది. ఆయన చెయ్యి తీయకుండా అక్కడే ఉంచి, "ఆఁ, అట్టా" అన్నాడు. అంతే. నేను ఎదిరించడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటుపోయాయో. వసారా స్తంభం పట్టుకుని ఏడ్చాను. దూది పడిందని పిన్నికి చెప్పాను.

రెండో బోరెం మా అత్తగారే తొక్కింది. మూడోదానికి నన్నూ రమ్మంది. ఒక సంచిలో ఇద్దరు పడతారా అని నేను అంటూనే ఉన్నాను, ఆవిడ నా చెయ్యి పట్టి లాగింది. ఇద్దరం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ తొక్కాం. నాకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. పిల్లలు గట్టిగా నవ్వితే బెంచీ ఎక్కించే టీచర్ని. ఆ బోరెంలో ఎంత నవ్వానంటే డొక్కలు పట్టుకుపోయాయి. నవ్వడానికి కారణం ఏమిటని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. పెదమామగారు వసారా చివర కూర్చుని, పిన్ని కుట్టిన మూతులు సరిచూస్తూ, మా వైపు వీపు పెట్టుకున్నాడు.

లారీ అనుకున్న వేళకే వచ్చి వెళ్లింది. వాన రాలేదు. మా అత్తగారు వెనక గదిలోకి పోలేదు. వసారాలోనే మిగిలిన పత్తి పక్కన చతికిలబడి, "ఆకలైతంది, ఏముందే?" అంది. పొద్దున వండిన అన్నం, గోంగూర పచ్చడి ఉన్నాయి. అలవాటు కొద్దీ నాలుగు ముద్దలకు సరిపడా పెట్టాను. తినేసి కంచం ముందుకు జరిపింది. మళ్లీ పెట్టాను. అదీ తింది. ఉల్లిపాయ కావాలంది.

పెదమామగారు కర్ర తీసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మా ఇంటో ఇంకా పత్తి ఉంది. మావోళ్లకి ఎవురికీ తొక్కటం చాతగాదు. పొద్దున్నే రా అమ్మాయ్."

పొద్దున్నే రమ్మన్నాడు. ఎవరికీ ఎదురు పడకూడదన్న పొద్దున పూట, వీధి దాటి, ఆయన ఇంటికి. నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఎడమ చెయ్యి కొంగు కోసం సగం లేచి, ఆగిపోయింది. చుట్టూ చూసింది. ఆ మాట మోయడానికి మామగారు లేడు, దాక్కోవడానికి తలుపూ లేదు. నోట్లో ముద్ద మింగింది.

"అన్నం తిని వస్తా, బావగారూ" అంది.