పంజాగుట్ట గోడ మీద ఫలితాలు

మా మనవరాలి గుండెలో రంధ్రం ఉందని, ఆపరేషన్ తప్పదని తేలాక రెండు ఆసుపత్రులు మిగిలాయి. రెండూ పంజాగుట్టలోనే. ఒకదాని గేటు మీద ‘వంద శాతం విజయం’ అని బ్యానరు. రెండోది పిల్లల గుండెకే ప్రత్యేకం. దాని వరండా గోడకు ఒక బోర్డు. ఎన్ని ఆపరేషన్లు చేశారు, ఎందరు కోలుకున్నారు, ఎందరికి ఇన్ఫెక్షన్ సోకింది, ఎందరు చనిపోయారు, అన్నీ ఉన్నాయి.

అలవాటు కొద్దీ డైరీలోకి ఎక్కించుకుంటుంటే మా అమ్మాయి చెయ్యి పట్టి లాగింది.

“చచ్చిపోయిన పిల్లల లెక్క గోడకు పెట్టిండ్రు, సిగ్గు లేదా బాపూ వీళ్లకు? నా బిడ్డను ఈడ పండబెట్ట.”

నాకూ ధైర్యం చాల్లేదు. కోచింగ్ సెంటర్ల మధ్య అమీర్‌పేటలో బతికే మాకు బోర్డంటే గొప్పలు చెప్పుకునేదే. ఫెయిలైనవాడి ఫొటో ఏ మేడ మీదా చూసి ఎరగం.

సాయంత్రం మా కింది అంతస్తులో సాఫ్ట్‌వేర్ కోచింగ్ నడిపే భాయ్‌ని సలహా అడిగాం. ఆయన గుమ్మానికీ ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డుంది.

“చెల్లే, నాకు వంద శాతం ఎట్లొస్తదో ఎర్కేనా? నౌకరీ రానోణ్ని లెక్కల పట్ట. ‘నీ కోర్సు ఇంకా అయిపోలే బేటా’ అంట. గట్ల సదువుకుంటనే పెండ్లి చేసుకున్నోడు సుత ఉన్నడు.”

“మరి గా బ్యానరోళ్లు?”

“వాళ్ల సంగతి నాకేం ఎరుక? అబద్ధమాడేటోడైతే ముందుగాల చావులే దాస్తుండె. గా బోర్డు పెట్టినోళ్ల దగ్గరికే పో.”

“నీ దగ్గర చేరేటోళ్లకు గిది చెప్తవా అన్నా?”

“చెప్తే రేపట్సంది నేనే నౌకరీ దేవులాడుకోవాలె!”

మర్నాడు అమ్మాయి డాక్టరును బోర్డు ముందుకే తీసుకెళ్లి, పోయిన పిల్లలు ఎందుకు పోయారని అడిగింది. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. మా పాపకున్న ప్రమాదమూ దాచలేదు. ఆమె సంతకం పెట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపే రోజు అమ్మాయి నర్సును నిలదీసింది.

“మా బిడ్డను బోర్డు మీద ఎక్కించిండ్రా?”

“నెల దాకా ఎట్లున్నదో చూసినంకనే రాస్తం అమ్మా.”

“నడుచుకుంట పోతుంటే సుత నమ్మరా?”

నెల నిండాక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, పాప ఎలా ఉందని. అమ్మాయి ఫోను మెట్ల వైపు చాపింది. కింద మనవరాలు, కోచింగ్ పిల్లల చెప్పులన్నీ కలిపేసి, తిట్లు తింటూ పకపకా నవ్వుతోంది.

“ఇనబడ్డదా?” అంది అమ్మాయి. “ఇగ రాసుకోండ్రి.”